సైనికుని యిల్లాలి యుద్యోగము

మన సైనికునకు భారతదేశ మొక్కటియే. తిరువనంతపురముననున్న వానిని పఠాన్‌కోటకు పొమ్మన్నచో పోవును. అక్కడి భాష వచ్చునా యని గాని, అక్కడి చలికి తాళగలవా యని గాని యెవ్వరును అడుగరు. సికందరాబాదులో నేర్చిన విద్య జోధ్‌పురములో చెల్లునా చెల్లదా యను ప్రశ్నయే పుట్టదు. ఆతని హోదా, జీతము, సర్వీసు లెక్క, పింఛను హక్కు ఆతని వెంటనే నడచును. కాని ఆతని వెంట నడచు ఇల్లాలికి ఈ దేశ మొక్కటి కాదు. ఆమె ఉపాధ్యాయిని యైనను, నర్సయినను, గుమాస్తా యైనను, ప్రతి బదిలీతోను ఆమె చదువు, అనుభవము, ఉద్యోగము రాష్ట్రపు పొలిమేర దగ్గఱ నిలిచిపోవుచున్నవి. సైనికునకు 28 రాష్ట్రములు కలిసి యొక దేశము. ఆతని భార్యకు అవి 28 దేశములు. ఈ వైపరీత్యమును గూర్చి నేడు పాఠకమహాశయులతో నాలుగు మాటలు విన్నవింపదలచినాము.

ఇది యెక్కడనో యుత్తరదేశమున జరుగు విషయమని మనవారు తలపవలదు. పశ్చిమగోదావరి జిల్లాలోని మాధవరము ఇంటింటికొక సైనికుని నిచ్చిన గ్రామమని పేరొంది, 'మిలిటరీ మాధవరము'గానే లోకమునకు తెలిసియున్నది. విశాఖపట్టణము తూర్పు నౌకాదళమునకు ప్రధానస్థానము. దుండిగలులో వైమానికదళ అకాడమీ యున్నది. సికందరాబాదు కంటోన్మెంటు రెండు శతాబ్దములనుండి పటాలములకు నిలయము. మన బిడ్డలు ఇక్కడినుండి పోవుచున్నారు. ఇతర రాష్ట్రముల బిడ్డలు ఇక్కడకు వచ్చుచున్నారు. వెనుకటి తరములో సిపాయి భార్య అత్తవారింటనే యుండి, నెలనెల వచ్చు మనియార్డరుతో కాలము గడపెడిది. నేడట్లు కాదు. బి.యెడ్. చదివిన పిల్లను, నర్సింగు చదివిన పిల్లను, ఇంజనీరింగు చదివిన పిల్లను సైనికోద్యోగికిచ్చి పెండ్లి చేయుచున్నాము. ఆ చదువుకొఱకు తండ్రి ఎకరము పొలము అమ్మియుండును. లేదా బ్యాంకున అప్పు చేసియుండును. పెండ్లియైన మూడేండ్లకు ఆ పట్టా పెట్టె యడుగున చేరుట యెవరికి లాభము?

బదిలీ యనగా నేమో తెలియని వారికొఱకు ఆ సంసారపు తీరును కొంచెము చెప్పవలసియున్నది. సైన్యములో ఒక తావున నుండుట సాధారణముగా రెండు మూడేండ్లు మాత్రమే. కుటుంబము వెంటనుండ వీలగు పీసు స్టేషనొకటి, వీలుకాని ఫీల్డు ప్రదేశమొకటి, ఇట్లు వంతులవారీగా వచ్చుచుండును. ఉత్తరువు రాగానే పేరు, నంబరు, పటాలము రంగుతో వ్రాసిన నల్లపెట్టెలు సర్దవలయును. క్రొత్త యూరు చేరునప్పటికి క్వార్టరు ఖాళీ యుండదు. కొన్నినెలలు అతిథిగదిలోనో, కంటోన్మెంటు వెలుపల అద్దెయింటిలోనో తలదాచుకొనవలయును. పిల్లల బడి, గ్యాసు, ఆసుపత్రి కార్డు, బ్యాంకు—అన్నియు మొదటినుండి మొదలు. పెనిమిటి యింతలో విన్యాసములకో, శిక్షణకో పోవును. భాషరాని యూరిలో జ్వరము వచ్చిన బిడ్డను భుజమున వేసికొని ఆసుపత్రి వెదకుకొనునది ఆమెయే. సంసారము కుదుటబడుటకు ఆఱునెలలు పట్టును. అప్పుడామె ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టగా, అటనుండువా రడుగు మొదటి ప్రశ్న ఏమి? 'ఇక్కడ మీ రెన్నాళ్లుందురు?' నిజము చెప్పినచో ఉద్యోగము పోవును. అబద్ధము చెప్పుటకు మనసు రాదు.

ఇంతవఱకు చెప్పినది సైనికజీవితముతో పుట్టిన కష్టము. దీనిని పూర్తిగా తొలగించుట యెవరి తరమును కాదు. సైనికునిండ్లవారు దానిని తొలగింపుమని యడుగుటయు లేదు. మేము చెప్పదలచినది మఱియొకటి. ఈ సహజమైన కష్టముమీద, మన చట్టములును కచేరీలును అనవసరముగా మోపిన రెండవ బరువొకటి యున్నది. దానిని దించుట మన చేతిలోని పని.

గుంటూరులో చదివి, ఆంధ్రప్రదేశ నర్సింగు కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొన్న యొక నర్సు ననుకొందము. ఆమె భర్తకు జబ్బల్‌పురమునకు బదిలీ యైనది. రోగి శరీరము గుంటూరులో నొకరీతిగను, జబ్బల్‌పురములో నొకరీతిగను ఉండదు గదా! ఐనను ఆమె మొదట తన రాష్ట్రపు కౌన్సిలునుండి అభ్యంతరము లేదను పత్రము తెచ్చుకొనవలయును. పిదప మధ్యప్రదేశపు కౌన్సిలులో మరల పేరు వ్రాయించుకొనవలయును. రుసుములు, పట్టాల తనిఖీ, ఉత్తరప్రత్యుత్తరములు—ఇవి ముగియునప్పటికి నెలలు గడచును. భర్తకు మరల బదిలీ యైనచో ఈ తిరుగలి మరల మొదలు. భారత నర్సింగు కౌన్సిలు చట్టము 1947లో వచ్చినది. 2023లో పార్లమెంటు చేసిన క్రొత్తచట్టము దేశమంతటికి ఒకే నర్సుల పట్టికను ఉద్దేశించినది. ఆ పట్టిక కాగితముమీద నుండుట చాలదు. అందలి పేరు చూపినంతనే ఏ రాష్ట్రపు ఆసుపత్రియైనను తలుపు తెఱచునట్లు కావలయును. మందులు కలిపి యిచ్చు ఫార్మసిస్టులును 1948 నాటి చట్టము ననుసరించి రాష్ట్రముల పట్టికలలోనే యున్నారు.

ఉపాధ్యాయినుల సంగతి చూతము. విద్యాహక్కు చట్టము వచ్చిన పిదప, 2010నుండి ఉపాధ్యాయ అర్హతాపరీక్ష తప్పనిసరి యైనది. కేంద్రమువారి పరీక్ష యొకటి. రాష్ట్రములవారి పరీక్షలు వేఱు. ఈ పరీక్షాపత్రము 7 ఏండ్లకు మురిగిపోవు నియమమును 2021లో తొలగించి, జీవితాంతము చెల్లునట్లు చేసినారు. మంచిపని. కాని కాలపరిమితి తొలగినది గాని, స్థలపరిమితి తొలగలేదు. తెలంగాణలో నెగ్గిన పత్రము రాజస్థానపు ప్రభుత్వపాఠశాలలో అక్కఱకు రాదు. తెలుగు బోధించుటకు తెలుగు రావలయుననుట న్యాయమే. గణితమునకు, విజ్ఞానశాస్త్రమునకు ఎన్నిసారులు పరీక్షింపవలయును?

ఇట్లు కాక మఱియొకరీతిగ జరుపుట సాధ్యమా యని కొందఱు శంకింతురు. సాధ్యమే, మనవారే చేసి చూపినారు. 1961 నాటి న్యాయవాదుల చట్టము 18వ విభాగము ననుసరించి, ఒక రాష్ట్రపు పట్టికలోని న్యాయవాది రుసుము లేకుండ తన పేరును మఱియొక రాష్ట్రమునకు మార్పించుకొనవచ్చును. దేశమున ఏ న్యాయస్థానములోనైనను వాదించు హక్కును 2011 జూనునుండి అమలులోనికి తెచ్చినారు. వైద్యులు దేశమునందెక్కడనైనను వైద్యము చేయవచ్చునని 1956 నాటి చట్టమే పలికినది. కార్మికుని ప్రావిడెంటు ఫండునకు 2014నుండి ఒకే సంఖ్య. యజమాని మారినను, ఊరు మారినను అది మారదు. వకీలునకు, వైద్యునకు, కార్మికుని పైకమునకు తెఱచుకొన్న ద్వారము నర్సునకు, పంతులమ్మకు ఏల మూసియుండవలయును?

ఇంతకన్న చక్కని నిదర్శనము సైనికుని బిడ్డల విషయమున కలదు. తండ్రి బదిలీలచేత పిల్లల చదువు ముక్కలగుచున్నదని గ్రహించి, కేంద్రప్రభుత్వము 1962 నవంబరులో ఒక పథకమున కంగీకరించినది. 1963లో పటాలముల పాఠశాలలను ఇరువదింటిని తీసికొని, దేశమంతట ఒకే పాఠ్యక్రమముతో నడచు కేంద్రీయ విద్యాలయములకు నాంది పలికినది. నేడవి 1,200కు పైగా నున్నవి. బిడ్డ నడుమలో ఊరు మారినను పుస్తకము మారదు. బదిలీ రాజ్యము చేయించు పని గనుక, దాని నష్టమును రాజ్యమే పూడ్పవలయునను ధర్మము ఆనాడే మన ప్రభుత్వమువారికి తోచినది. ఆఱు దశాబ్దములు గడచినను ఆ ధర్మము బిడ్డనుండి తల్లివఱకు రాలేదు.

ఏమియు జరుగలేదని మేము చెప్పుట లేదు. సైనికుల భార్యల సంక్షేమసంఘము 1966నుండి పనిచేయుచున్నది. కుట్టుపని మొదలు కంప్యూటరువఱకు నేర్పుచున్నది. 1983లో స్థాపితమైన సైనిక సంక్షేమ విద్యాసంస్థ క్రింద 130కి పైగా ఆర్మీ పబ్లికు స్కూళ్లున్నవి. అందు సైనికుల భార్యలు పెక్కండ్రు బోధించుచున్నారు. దేశమంతటికి ఒకే ప్రవేశపరీక్ష. ఒకచోట నెగ్గినచో ఏ స్టేషనులోని పాఠశాలకైనను చెల్లును. ఇది మెచ్చదగిన పద్ధతి. కాని కొలువు మాత్రము వెంట రాదు. ప్రతి యూరిలోను ఖాళీకొఱకు కాచుకొనవలసినదే. భార్యాభర్త లిరువురును ప్రభుత్వోద్యోగులైనచో సాధ్యమైనంతవఱకు ఒకే చోట నియమింపవలయునని కేంద్రము 1986లోను, మరల 2009లోను ఉత్తరువు లిచ్చినది. అయితే సాధ్యమైనంతవఱకు అను మాట హక్కు కాదు. కేంద్ర పన్నుల శాఖవారి వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2022 మార్చిలో శాఖవారి ఉత్తరువును నిలిపియు, కుటుంబజీవనమును, స్త్రీల సమానత్వమును దృష్టియం దుంచుకొని ఆ విధానమును పునరాలోచింపుడని ప్రభుత్వమునకు సూచించినది.

నష్టము జీతముతో ముగియదు. గ్రాట్యుటీకి 1972 నాటి చట్టము 5 ఏండ్ల ఎడతెగని సేవను విధించినది. రెండు మూడేండ్లకొకసారి ఊరు మారు నామెకు 5 ఏండ్లు ఒక్కచోట ఎట్లు నిండును? ఇరువది యేండ్లలో నాలుగైదు ఉద్యోగములు చేసియు, ఒక్కదానినుండియు గ్రాట్యుటీ రూకయైనను అందుకొనని వారుందురు. 2020 నాటి సామాజిక భద్రతాస్మృతి నిర్ణీతకాలపు కొలువువారికి ఈ నియమమును సడలించినది. కాని స్థిరమైన కొలువునుండి భర్త బదిలీ కారణముగ తానై రాజీనామా చేసిన స్త్రీకి ఆ సడలింపు వర్తింపదు. దేశపు పనికై కదలిన సంసారమును, స్వేచ్ఛగా ఉద్యోగము వదలుకొన్న వారితో సమముగ లెక్కించుట న్యాయముగ తోచదు.

భర్తకు జీతమున్నది, క్యాంటీనున్నది, ఆసుపత్రి యున్నది. ఇల్లాలికి ఉద్యోగ మేల యని యడుగువారు మనలో లేకపోలేదు. వారికి మా సమాధానమిది. సామాన్య జవాను లనేకులు 40 ఏండ్లు నిండకముందే పటాలమునుండి విశ్రాంతి పొందుదురు. పిల్లలు పై చదువులకు వచ్చునప్పటికి తండ్రి జీతము పింఛనుగా తఱుగును. అప్పటికి తల్లికి పదునేను, ఇరువదియేండ్ల సర్వీసున్నచో ఆ యిల్లు నిలిచును; లేనిచో సైనికుడు ఏ గోదాముకడనో కావలి కాయవలసివచ్చును. తుపాకి పట్టినవానికి దైవవశమున జరుగరానిది జరిగినచో ఆ యిల్లాలే యింటికి పెద్ద.

2020 జూను 15న గల్వాను లోయలో సూర్యాపేట బిడ్డ కర్నలు సంతోష్‌బాబు వీరస్వర్గ మలంకరించినారు. మఱునెలలోనే తెలంగాణ ప్రభుత్వము ఆయన సతీమణిని డిప్యూటీ కలెక్టరుగా నియమించినది. అది యుచితమైన పని. ఆ గౌరవమున కామె యన్నివిధముల నర్హురాలు. కాని మన మొకమాట తలపోయవలసియున్నది. సైనికుని భార్యయు చదివినదే, ఆమెయు కార్యసమర్థయే యన్న సంగతి, భర్త పోయిన పిదపనే రాజ్యమునకు జ్ఞాపకము రావలయునా? సుమంగళిగా నున్న కాలమున ఆమె దరఖాస్తును త్రిప్పిపంపు కచేరీయే, విధివశమున ఆమె యొంటరియైనపు డెదురేగి పిలుచుట మన ధర్మములోని లోపమును చూపుచున్నది.

ఇక మన రాష్ట్రముల సంగతి. 1969లోను, 1972లోను జరిగిన ఆందోళనముల ఫలితముగ, 1973లో రాజ్యాంగమున 371-డి అధికరణము చేరినది. 1975లో రాష్ట్రపతి ఉత్తరువు వెలువడినది. చదివిన తావును, నివసించిన యేండ్లను బట్టి స్థానికత నిర్ణయమగుట నాటినుండి మనకు తెలిసినదే. తెలంగాణకు 2018లో వచ్చిన క్రొత్త ఉత్తరువు స్థానికులకు నూటికి 95 ఉద్యోగములను కేటాయించినది. స్థానికనియమమును మేము ఖండించుట లేదు. తమ గడ్డమీద తమ బిడ్డలకు తావు లేకపోయెనను ఆవేదననుండి పుట్టిన నియమమది. కాని తిరుమలగిరిలోనో, బొల్లారములోనో రెండేండ్లుండు పంజాబీ సైనికుని భార్య మన బిడ్డల నోటికూడు తీయుటకు రాలేదు. మన యూరికి కావలియున్న వానివెంట వచ్చినది. ఇంకొక విచిత్రము: బదిలీల నడుమ నాలుగు రాష్ట్రములలో చదివిన తెలుగుసైనికుని కూతురు, తన తాతతండ్రుల జిల్లాలోనే స్థానికేతరురాలగు ప్రమాద మున్నది. తండ్రి దేశమునకంతటికి చెందినాడు. బిడ్డ ఏ జిల్లాకును చెందకపోయినది! అట్టి కుటుంబములు నియమము నంతటిని కదల్చునంతమంది కారు. మినహాయింపు చిన్నది, న్యాయము పెద్దది.

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో వృత్తి లైసెన్సులు రాష్ట్రము రాష్ట్రమునకు వేఱు. అక్కడి రక్షణశాఖవారు 2021లో జరిపిన పరిశీలనమున సైనికుల భార్యలు, భర్తలలో ఉద్యోగము వెదకియు దొరకనివారు నూటికి 21 మంది యని తేలినది. దానిమీద వారేమి చేసిరి? 2023 జనవరిలో అమలులోనికి వచ్చిన చట్టముచేత, సైనికోత్తరువుమీద ఇల్లు మారిన వారి వృత్తి లైసెన్సు క్రొత్తరాష్ట్రమునను చెల్లవలయునని శాసించిరి. ఆ చట్టమునుండి న్యాయవాదవృత్తిని మొదట మినహాయించిరి. మన దేశములో ఆ వకీళ్లకే మార్గము సుగమము! రాష్ట్రముల హక్కులను మనకన్న ఎక్కువ పట్టుదలతో కాపాడుకొను ఆ దేశములో సాధ్యమైనది, ఇక్కడ అసాధ్యమనుట సమంజసము కాదు. వారనుసరించిన క్రమమును గూడ గమనింపవలయును: మొదట లెక్కించినారు, పిదప శాసించినారు.

మన పార్లమెంటునకు అధికారము లేదనుటకును వీలులేదు. వైద్య, న్యాయాది వృత్తులు రాజ్యాంగపు ఉమ్మడి జాబితాలో 26వ అంశముగ నున్నవి. కావున చేయవలసిన పనులివి. మొదటిది: ఒక రాష్ట్రమున పేరు నమోదైన నర్సు, ఫార్మసిస్టు మొదలగువారు, భర్త బదిలీ ఉత్తరువు చూపినంతనే క్రొత్తరాష్ట్రమున తాత్కాలికముగ పనిచేయ ననుమతింపవలయును; తనిఖీ పిదప జరుగవచ్చును. రెండవది: ఒక రాష్ట్రమునందలి ఉపాధ్యాయ అర్హతాపత్రమును సైనిక కుటుంబముల విషయమున తక్కిన రాష్ట్రములు, కనీసము భాషేతర విషయములకైనను, అంగీకరింపవలయును. మూడవది: రాష్ట్రప్రభుత్వోద్యోగి యైన భార్యను, రాజీనామాకు నెట్టక, డెప్యుటేషనుమీద పంపుటయో, సర్వీసు తెగకుండ సెలవిచ్చుటయో చేయవలయును. నాలుగవది: బదిలీ కారణముగ చేసిన రాజీనామాకు 5 ఏండ్ల గ్రాట్యుటీ నియమము అడ్డురాకుండ సవరింపవలయును. అయిదవది: మన రెండు తెలుగురాష్ట్రములును స్థానికత విషయమున సైనికసంతానమునకు మినహాయింపు కోరుచు కేంద్రమునకు తీర్మానములు పంపవలయును. వీనికన్నింటికి ముందు, ఇట్టివారెందఱు, ఏ చదువువారు, ఎన్నియేండ్లుగ పనిలేకయున్నారో ప్రభుత్వము లెక్కవేయింపవలయును. సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పుతో సైన్యములో స్త్రీ అధికారులకు శాశ్వతనియామకపు మార్గము విశాలమైనది. కాబట్టి ఈ సదుపాయములు ఇల్లాలికే కాక, సైనికురాలి భర్తకును సమముగ చెందవలయును.

ఇందులో ఏ యొక్కటియు ఖజానాను కుంగదీయునది కాదు. క్రొత్త భవనములు కట్టనక్కఱలేదు, భత్యము లీయనక్కఱలేదు. కొన్ని పుటల చట్టము, కొన్ని కచేరీల నడుమ సయోధ్య—ఇంతే. ఇంటినుండి పనిచేయు పద్ధతి 2020 తరువాత వ్యాపించుటచే హైదరాబాదు కంపెనీలలోని కొందఱికి ఈ కష్టము తగ్గినది. అది మంచిదే. కాని రోగికి సూది వేయుపని, పిల్లకు అక్షరము దిద్దించు పని తెరమీద జరుగునవి కావు.

ప్రభుత్వము కదలునంతవఱకు మన పట్టణములవారు చేయదగినదియు కలదు. పాఠశాలల యాజమాన్యములలోను, ఆసుపత్రుల సంఘములలోను, బ్యాంకులలోను ఈ పత్రిక చదువువారు పలువు రున్నారు. 'ఎన్నాళ్లుందురు?' అను ప్రశ్నతో సైనికుని యిల్లాలిని త్రిప్పిపంపుటకు ముందు వారొకక్షణ మాలోచింపవలయును. రెండేండ్లు శ్రద్ధగా చెప్పిన పంతులమ్మ, పదేండ్లు పరాకుగా చెప్పినవానికన్న మేలు. ఉన్నన్నాళ్లు పని నీయుడు. పోవునపుడు సర్వీసు పత్రమును ఆలసింపక చేతికీయుడు. ఇది దానము కాదు. మన సౌకర్యముకొఱకు ఇల్లు కదల్చుకొన్న వారికి మనము తీర్పవలసిన బాకీ.

సైనికదినములనాడు దండలు వేయుటయందును, ఉపన్యాసములు చేయుటయందును మనము కొఱతచేయుట లేదు. సైనికుడు హద్దు కాచుటచే దేశ మొక్కటిగ నిలిచియున్నదని ఆ యుపన్యాసములలో చెప్పుచున్నాము. ఆ మాట నిజమైనచో, ఆతని యింటిలోని మనిషికి దేశములోపల ఇన్ని హద్దు లుండరాదు. ఈ విషయమును రాబోవు శాసనసభా సమావేశములలో ప్రస్తావింపవలసినదని ఉభయరాష్ట్రముల ప్రతినిధులను కోరుచున్నాము.